హైరం పెర్సీ మాక్సిం

హైరం పెర్సీ మాక్సిం (1869 సెప్టెంబరు 2 - 1936 ఫిబ్రవరి 17) అమెరికాకు చెందిన ప్రముఖ ఇంజనీరు, ఆవిష్కర్త, రచయిత. తుపాకీ గొట్టపు కొనకు తగిలించి దాని మోతను తగ్గించే సైలెన్సర్ అనే పరికరాన్ని వ్యాపారపరంగా తయారుచేసి విజయవంతంగా అమ్మిన మొదటి వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. అమెరికాలో మోటారు వాహనాలను నిర్మించిన తొలితరం ఇంజనీర్లలో ఈయన ఒకడు. అమెరికన్ రేడియో రిలే లీగ్ స్థాపకులలో ఒకడు కావడం చేత హామ్ రేడియో అభిరుచి గలవారు ఈయనను ఇప్పటికీ స్మరిస్తారు.

మాక్సిం అనే ఇంటిపేరుతో ముగ్గురు ఆవిష్కర్తలు ఉండటం వలన విద్యార్థులు తరచు పొరబడుతూ ఉంటారు. మాక్సిం మర తుపాకీని కనుగొన్న సర్ హైరం స్టీవెన్స్ మాక్సిం (1840 - 1916) ఈయన తండ్రి. పేలుడు పదార్థాల నిపుణుడు హడ్సన్ మాక్సిం ఈయన పినతండ్రి. తండ్రీకొడుకుల పేర్లు రెండూ హైరం కావడంతో కుమారుని ఇంట్లో పెర్సీ అని పిలిచేవారు. ఈ వ్యాసంలో కూడా పెర్సీ అనే పేరునే వాడటమైనది.

బాల్యం, విద్యాభ్యాసం

పెర్సీ న్యూయార్క్ నగరానికి చెందిన బ్రూక్లిన్‌లో జన్మించాడు. తల్లి పేరు లూయీసా జేన్ బడన్. ఇద్దరు చెల్లెళ్ళు ఫ్లోరెన్స్, అడిలేడ్. తండ్రి హైరం స్టీవెన్స్ మెయిన్ రాష్ట్రంలోని సాంగర్‌విల్ అనే పల్లెలో పుట్టి, పెద్ద చదువులు లేకుండానే స్వయంకృషితో పైకి వచ్చిన యంత్రశిల్పి. గ్యాస్ దీపాలు, విద్యుద్దీపాలు, ఆవిరి యంత్రాలు వంటి అనేక విషయాలలో ఆయన ప్రయోగాలు చేసేవాడు. ఇంట్లో ఆయన ధోరణి విచిత్రంగా ఉండేది. పిల్లలకు ప్రతి విషయాన్నీ తమాషాగానో, ఆటపట్టించో నేర్పేవాడు.

1881లో పారిస్ నగరంలో జరిగిన విద్యుత్ ప్రదర్శనకు వెళ్ళిన తండ్రి తిరిగి వచ్చి ఇంట్లో స్థిరపడలేదు. లండన్‌లో ఉండిపోయి అక్కడే 1884 ప్రాంతంలో మర తుపాకీని రూపొందించాడు. బ్రిటిష్ పౌరసత్వం స్వీకరించి, 1901లో సర్ బిరుదు పొందాడు. పన్నెండేళ్ళ వయసులో తండ్రికి దూరమైన పెర్సీ తల్లి సంరక్షణలో పెరిగాడు. జగత్ప్రసిద్ధుడైన తండ్రి పేరు తోడుగా ఉన్నప్పటికీ, ఆ తండ్రి మాత్రం తోడుగా లేడు. ఈ వెలితి పెర్సీ జీవితాంతం మిగిలిపోయిందని ఆయన వృద్ధాప్యంలో తండ్రి గురించి వ్రాసిన పుస్తకాన్ని చదివితే అర్థమౌతుంది.

పెర్సీ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన యంత్రకళా పాఠశాలలో చదివి 1886లో ఉత్తీర్ణుడయ్యాడు. అప్పటికి ఆయనకు ఇంకా పదిహేడేళ్ళు నిండలేదు. కొంతకాలం విద్యుత్ కంపెనీలలో పనిచేసిన పిమ్మట మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణంలో ఫిరంగి గుళ్ళు తయారుచేసే అమెరికన్ ప్రొజెక్టైల్ కంపెనీలో చేరి పర్యవేక్షకుని స్థాయికి ఎదిగాడు.

మోటారు వాహనాలు

1892లో ఒక రాత్రి సేలం పట్టణం నుండి లిన్‌కు సైకిలు తొక్కుతూ తిరిగి వస్తుండగా, కాళ్ళకు బదులు ఒక చిన్న యంత్రం ఈ చక్రాలను తిప్పితే ఎలా ఉంటుందన్న ఆలోచన ఆయనకు కలిగింది. సేలంలో తనకు ఇష్టమైన ఒక యువతిని చూసి రావడానికి ఆయన అంత దూరం వెళ్ళేవాడు. పెట్రోలు గురించి ఆయనకు అప్పట్లో ఏమీ తెలియదు. కర్మాగారంలో వాడేసిన ఒక ఖాళీ గుండు తొడుగులో కొద్ది చుక్కల పెట్రోలు వేసి అగ్గిపుల్ల గీసి చూశాడు. చిన్న చుక్కలో ఇంత శక్తి ఉన్నదా అని ఆశ్చర్యపడేటంత మోతతో అది పేలింది. ఆ తరువాత రాత్రివేళలలో శ్రమించి మూడు సిలిండర్ల ఇంజనును తయారుచేశాడు. పాతదైన ఒక కొలంబియా మూడు చక్రాల బండిని కొని, దానికి ఈ ఇంజనును బిగించి నడిపే ప్రయత్నం చేశాడు. మొదటి ప్రయాణంలో బండి అదుపుతప్పి పడిపోయింది. తానొక్కడే ఇటువంటి ప్రయత్నం చేస్తున్నానని ఆయన అనుకున్నాడు గానీ, అదే కాలంలో జర్మనీలో డైమ్లర్, బెంజ్, అమెరికాలో డ్యూరియా సోదరులు మొదలైనవారు అదే పనిలో ఉన్నారని తరువాత తెలిసింది.

కొలంబియా బండ్లను తయారుచేసేది కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ నగరానికి చెందిన పోప్ కంపెనీ. ఆ కంపెనీ 1895లో మోటారు బండ్ల విభాగాన్ని ప్రారంభించి పెర్సీని ఇంజనీరుగా నియమించింది. కంపెనీ అధిపతి కర్నల్ ఆల్బర్ట్ పోప్‌కు పెట్రోలు ఇంజనుపై నమ్మకం లేదు. పేలుడు మీద కూర్చుని ప్రయాణం చేయడానికి జనం ఒప్పుకోరని ఆయన అభిప్రాయమని చెబుతారు. అందువలన కంపెనీ మొదట విద్యుత్ బండ్లపైనే దృష్టి పెట్టింది. 1897లో విడుదలైన కొలంబియా విద్యుత్ బండి పెర్సీ రూపకల్పనలో వచ్చినదే. పెట్రోలు బండిపై ఆయన ఆసక్తి మాత్రం తగ్గలేదు. 1899లో కనెక్టికట్‌లోని బ్రాన్‌ఫర్డ్ మైదానంలో వలయాకారపు బాటపై జరిగిన పందెంలో కొలంబియా పెట్రోలు కారు నడిపి గెలుపొందాడు. 1908లో మాక్సిం-గుడ్రిడ్జ్ అనే పేరుతో సొంతంగా విద్యుత్ కార్ల సంస్థను ప్రారంభించినా అది ఎంతో కాలం నిలవలేదు.

1898లో ఈయనకు జోసఫీన్ హామిల్టన్‌తో వివాహం జరిగింది. ఆమె మేరీలాండ్ రాష్ట్ర మాజీ గవర్నరు విలియం హామిల్టన్ కుమార్తె. వీరి కుమార్తె పెర్సీ మాక్సిం లీ తరువాతి కాలంలో అమెరికాలోని మహిళా వోటర్ల సమితికి అధ్యక్షురాలిగా (1950 - 1958) పనిచేసింది.

సైలెన్సర్ ఆవిష్కరణ

తుపాకీ పేలినప్పుడు వచ్చే మోతకు ప్రధాన కారణం మందుగుండు మండినపుడు పుట్టే వాయువు. గొట్టంలో తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న ఈ వాయువు, గుండు బయటపడిన మరుక్షణం ఒక్కసారిగా గాలిలోకి వ్యాకోచిస్తుంది. గట్టిగా బిగించిన సీసా బిరడాను లాగితే వచ్చే చప్పుడు వంటిదే ఇది, కాని కొన్ని వేల రెట్లు పెద్దది. ఈ వాయువును నెమ్మదిగా వదలగలిగితే మోత తగ్గుతుంది. అయితే గుండును మాత్రం ఆపకూడదు. గుండుకు దారి తెరచి ఉంచుతూనే, దాని వెంటవచ్చే వాయువుకు దారి మూయాలి. ఉన్న చిక్కంతా ఇదే.

పెర్సీ మొదట గుండు దాటిపోగానే మూసుకునే కవాటం గురించి ఆలోచించాడు. సెకనులో వెయ్యోవంతు కాలంలో తెరచుకుని మూసుకునే కవాటాన్ని నమ్మకంగా పనిచేయించడం కష్టమని తేలింది. తరువాతి ఆలోచన ఆయనకు స్నానాలగదిలో వచ్చింది. తొట్టిలోని నీరు అడుగు రంధ్రం గుండా పోయేటప్పుడు సుడి తిరుగుతుంది. ఆ సుడి మధ్యభాగం ఖాళీగా ఉంటుంది, నీరు చుట్టూ తిరుగుతూ మెల్లగా దిగుతుంది. వాయువును కూడా ఇలాగే సుడి తిప్పితే, మధ్యలో గుండుకు దారి ఉంటుంది, వాయువు మాత్రం ఆలస్యంగా బయటికి వస్తుంది. ఈ ఊహ ఆధారంగా ఒక చిన్న లోహపు డబ్బీలో వరుసగా అడ్డుబిళ్ళలను అమర్చి, ఒక్కొక్క బిళ్ళ వద్ద వాయువు దారిమళ్ళి సుడితిరిగేటట్లు చేశాడు. ఈ పరికరానికి 1909 మార్చి 30న అమెరికా పేటెంటు లభించింది. హార్ట్‌ఫర్డ్‌లో మాక్సిం సైలెంట్ ఫైర్‌ఆర్మ్స్ కంపెనీ పేరుతో తయారీ ప్రారంభమైంది. ఇదే తరువాత మాక్సిం సైలెన్సర్ కంపెనీ అయింది.

సైలెన్సర్ అనే పేరు ప్రజలలో ఒక అపోహను కలిగించింది. ఈ పరికరం మోతను తగ్గిస్తుందే గాని పూర్తిగా లేకుండా చేయదు. గుండు ధ్వనివేగాన్ని, అనగా సెకనుకు సుమారు 340 మీటర్లను మించి పోతున్నప్పుడు గాలిని చీల్చుకుంటూ కొరడా ఝళిపించినట్లు ఒక శబ్దం చేస్తుంది. అది గొట్టం వద్ద పుట్టేది కాదు, గుండు పోయే దారి పొడుగునా పుట్టేది. కనుక గొట్టం కొనకు ఏమి తగిలించినా దానిని ఆపలేము. చిన్న .22 క్యాలిబర్ రైఫిళ్ళలో వేగం తక్కువగా ఉండే తూటాలు వాడితే మాత్రం సైలెన్సర్ ఫలితం స్పష్టంగా కనబడుతుంది. ఆ కారణంగానే మాక్సిం సైలెన్సర్‌కు .22 రైఫిళ్ళ యజమానులలో మంచి ఆదరణ లభించింది. రివాల్వర్లకు ఇది ఉపకరించదు. రివాల్వర్‌లో తూటాలుండే చట్రానికి, గొట్టానికి నడుమ ఉండే సందులో నుండే వాయువు బయటికి వచ్చేస్తుంది.

మర లేని గొట్టాలు - తగిలింపు సమస్య

సైలెన్సర్ లోపలి అమరిక కంటే దానిని తుపాకీకి తగిలించే విధానం పెర్సీకి ఎక్కువ తలనొప్పి తెచ్చింది. చరిత్ర పుస్తకాలు ఈ సంగతిని ఒక వాక్యంతో దాటివేస్తాయి గానీ, ఆ పరికరం ఎందరి చేతికి చేరిందన్నది చాలావరకు దీనిపైనే ఆధారపడింది.

నీటిపంపుకు గొట్టం తగిలించాలంటే పంపు కొనకు మర చుట్లు ఉంటాయి. ఆ కాలపు రైఫిళ్ళకు ఇటువంటి ఏర్పాటు లేదు. కర్మాగారం నుండి వచ్చే రైఫిల్ గొట్టం కొన నున్నగా, గుండ్రంగా ముగిసేది. దానికి ఏదో ఒకటి తగిలించవచ్చునన్న ఊహే తయారీదారులకు ఉండేది కాదు. కావున పెర్సీ తన పరికరాన్ని అప్పటికే జనం ఇళ్ళలో ఉన్న లక్షలాది మర లేని గొట్టాలకు సరిపడేటట్లు చేయవలసి వచ్చింది.

పట్టు గట్టిగా ఉంటే చాలదా అనిపించవచ్చు. చాలదు. సైలెన్సర్‌లోని అడ్డుబిళ్ళలన్నిటికీ గుండు కంటే కాస్త పెద్దవైన రంధ్రాలు ఉంటాయి. ఆ రంధ్రాలన్నీ గొట్టపు కేంద్రరేఖతో ఒకే వరుసలో ఉండాలి. తగిలించిన చోట వెంట్రుకవాసి వాలు ఉన్నా, డబ్బీ చివరికి చేరేసరికి అది పెరిగి గుండు బిళ్ళ అంచును తాకుతుంది. గురి తప్పడం ఒక్కటే కాదు, పరికరం చితికి ప్రమాదం జరిగే అవకాశం ఉంది. పైగా ప్రతి పేలుడుకూ వాయువు ఈ డబ్బీని ముందుకు తోస్తుంది. అంటే అతుకు అటు నిటారుగానూ ఉండాలి, ఇటు దెబ్బలను తట్టుకోగలిగి కూడా ఉండాలి.

దీనికి సహజమైన పరిష్కారం గొట్టపు కొనపై మర చుట్లు కోయడం. అది లేతు యంత్రంపై, గొట్టం లోపలి రంధ్రాన్ని ఆధారంగా తీసుకుని చేయవలసిన పని. గొట్టం పైభాగం గుండ్రంగా కనిపించినా లోపలి రంధ్రం సరిగ్గా దాని నడుమ ఉంటుందన్న హామీ లేదు. ఇది ఊళ్ళో ఉండే చిన్న దుకాణాలకు సాధ్యమయ్యే పని కాదు. తాను ముచ్చటపడి కొనుక్కున్న రైఫిల్‌ను కోతకు ఇవ్వడానికి చాలామంది యజమానులు వెనుకాడేవారు కూడా. గొట్టాన్ని కర్మాగారానికి పంపితే మాక్సిం కంపెనీయే మర కోసి ఇచ్చేది. కోరినవారికి మరతో కూడిన రైఫిళ్ళను సరఫరా చేసే తుపాకీ కంపెనీలు కూడా ఉండేవి. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వద్ద మాక్సిం సైలెన్సర్ అమర్చిన వించెస్టర్ 1894 నమూనా రైఫిల్ ఉండేది.

మరొక పరిష్కారం కప్లింగ్. ఇది తుపాకీకి, సైలెన్సర్‌కు నడుమ ఉండే చిన్న జోడింపు ముక్క. ఈ ముక్క రైఫిల్‌నే అంటిపెట్టుకుని ఉండగా సైలెన్సర్‌ను అవసరమైనప్పుడు తగిలించి, అక్కరలేనప్పుడు తీసివేయవచ్చు. సైన్యం వాడే స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 రైఫిల్ విషయంలో ఇది మరింత అవసరమైంది. ప్రభుత్వపు తుపాకీ గొట్టాలను ఎవరుపడితే వారు కోయడానికి వీలులేదు. ఆ రైఫిల్‌కు గొట్టం కొన దగ్గర ముందు సైటు బిగించే దిమ్మె ఉంటుంది. దానిని పట్టుగా చేసుకునే జోడింపుతో, గొట్టాన్ని కోయకుండానే సైలెన్సర్ తగిలించే ఏర్పాటు చేశారు.

ముందు సైటు మరొక ఇబ్బందికి కూడా కారణమైంది. లావుపాటి డబ్బీని గొట్టం కొనకు తగిలిస్తే గురి చూసే కంటికి అది అడ్డు వస్తుంది. తొలి నమూనా అమ్మకానికి వచ్చిన కొద్ది కాలానికే పెర్సీ దీనిని సవరించాడు. 1910 నమూనాలో గుండు పోయే రంధ్రాన్ని డబ్బీ నడిమధ్యన కాక పైఅంచుకు దగ్గరగా పెట్టాడు. ఇప్పుడు డబ్బీలో ఎక్కువభాగం గొట్టం కిందికి వేలాడుతుంది, గురిరేఖ తెరిచి ఉంటుంది. తుపాకీదారు తన పాత సైటును మార్చుకోనక్కరలేదు. చూడటానికి చిన్న మార్పే. అయినా వాడుకలో ఉన్న తుపాకీకి పరికరం లొంగాలి గాని పరికరానికి తుపాకీ లొంగకూడదని ఆయన గ్రహించాడనడానికి ఇది నిదర్శనం. ఈ నమూనాయే ఎక్కువ ప్రచారం పొందింది.

అమెరికా సైన్యం ఈ పరికరాన్ని పరీక్షించింది. కాల్చేవాడి స్థానం శత్రువుకు తెలియకుండా ఉండటం, తుపాకీ వెనుకకు తన్నే దెబ్బ తగ్గడం, శిక్షణలో అధికారి మాట సైనికులకు వినబడటం మెచ్చుకోదగినవిగా కనిపించాయి. వరుసగా కాలిస్తే డబ్బీ వేడెక్కడం, అది ఉన్నంతసేపూ బాయొనెట్ తగిలించడానికి వీలు లేకపోవడం లోపాలుగా తేలాయి. సైలెన్సర్ సైన్యంలో పరిమితంగా వాడబడిందే గాని ప్రతి సైనికుని చేతికీ రాలేదు.

నిషేధాలు, పన్ను

పెర్సీ దృష్టిలో సైలెన్సర్ ఒక మర్యాద వస్తువు. ఇరుగుపొరుగు వారికి చెవిపోటు లేకుండా పెరటిలో గురి అభ్యాసం చేసుకోవచ్చునని కంపెనీ ప్రకటించేది. పత్రికలు, అధికారులు కొందరు మాత్రం దీనిని హంతకులకు, దొంగవేటగాళ్ళకు తోడ్పడే సాధనంగా చూశారు. వాణిజ్యం మొదలైన 1909లోనే మెయిన్ రాష్ట్రం దీనిని నిషేధించింది. ఆ రాష్ట్రం పెర్సీ తండ్రి జన్మస్థలం కావడం యాదృచ్ఛికం. మనిషిని చంపే వేగాన్ని నిమిషానికి వందల గుళ్ళకు పెంచిన తండ్రికి సర్ బిరుదు లభించగా, చప్పుడు తగ్గించిన కుమారునికి అనుమానపు చూపులు దక్కాయి.

మందగిస్తున్న ఈ వ్యాపారాన్ని కంపెనీ క్రమంగా వదిలివేసి, ఇంజన్ల పొగగొట్టాలకు, కంప్రెసర్లకు, కర్మాగార యంత్రాలకు శబ్దనిరోధకాలు తయారుచేసే పనిలోకి మళ్ళింది. ఆ రంగంలో అది బాగా రాణించింది. వాయువును నెమ్మదిగా వదిలి మోత తగ్గించే సూత్రం తుపాకీకైనా, మోటారు బండికైనా ఒక్కటే. మనదేశంలో మోటారు సైకిలు పొగగొట్టాన్ని నేటికీ సైలెన్సర్ అనే అంటారు.

1934 జూన్ 26న అమెరికాలో జాతీయ ఆయుధాల చట్టం ఆమోదం పొందింది. ముఠాల హత్యాకాండను అరికట్టడానికి మర తుపాకులను ఉద్దేశించి చేసిన ఈ చట్టంలో సైలెన్సర్లను కూడా చేర్చి, ప్రతి బదిలీకి 200 డాలర్ల పన్ను విధించారు. అప్పట్లో కొద్ది డాలర్లకు దొరికిన వస్తువుపై ఈ పన్ను దాదాపు నిషేధంతో సమానం. ఈ పన్ను మొత్తం తొంభై ఏళ్ళకు పైగా మారకుండా ఉండి, 2025లో చేసిన చట్టం ద్వారా 2026 జనవరి 1 నుండి సైలెన్సర్లపై సున్నా అయింది. నమోదు నిబంధన మాత్రం అలాగే కొనసాగింది. ఫిన్లాండ్, నార్వే వంటి దేశాలలో వేటగాళ్ళు చెవుల రక్షణ కోసం దీనిని సాధారణంగా వాడతారు. ఆధునిక కాలంలో అమెరికా తయారీదారులు అనేక రైఫిళ్ళను గొట్టం కొనకు మర చుట్లతోనే విక్రయిస్తున్నారు. పెర్సీని వేధించిన సమస్య ఆ విధంగా కర్మాగారంలోనే తీరిపోయింది.

తండ్రి, కుమారుడు

సర్ హైరం జీవిత చరమదశలో దాదాపు చెవిటివాడయ్యాడు. ఏళ్ళతరబడి తన మర తుపాకులను దగ్గరుండి కాల్చి పరీక్షించడమే దీనికి కారణమని చెబుతారు. ఆయన చెవులను కాపాడి ఉండగలిగిన పరికరాన్ని కొడుకు రూపొందించేసరికి ఆలస్యమైపోయింది. తండ్రీకొడుకులు అట్లాంటిక్ మహాసముద్రానికి చెరొక వైపు ఉండిపోయారు. 1916 నవంబరు 24న సర్ హైరం లండన్‌లో మరణించాడు. అన్న హైరంకు, తమ్ముడు హడ్సన్‌కు ఆవిష్కరణల విషయంలో కలహాలు ఉండేవి. పెర్సీ మాత్రం ఈ తగాదాలను రచ్చకెక్కించలేదు.

రేడియో

పెర్సీ జీవితంలో చివరి ఇరవై ఏళ్ళు నిశ్శబ్దం గురించి కాక శబ్దాన్ని దూరాలకు చేరవేయడం గురించి గడిచాయి. 1914 ఏప్రిల్‌లో ఆయన హార్ట్‌ఫర్డ్ నుండి మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న ఒక అమెచ్యూర్‌కు రేడియో సందేశం పంపబోయాడు. దూరం 40 కిలోమీటర్ల పైచిలుకే అయినా ఆ రాత్రి సందేశం అందలేదు. మధ్యలో విండ్సర్ లాక్స్‌లో ఉన్న మరొక అమెచ్యూర్‌ను బ్రతిమాలి, ఆయన ద్వారా అందించాడు. పాతకాలపు తపాలా బంట్రోతులు ఒకరి నుండి ఒకరికి సంచి అందించుకున్నట్లు, దేశం పొడుగునా రేడియో అమెచ్యూర్లు సందేశాలను అందించుకుంటే ఎంత దూరమైనా చేరవచ్చునని ఆయనకు తట్టింది. యువకుడైన క్లారెన్స్ టస్కాతో కలసి అదే సంవత్సరం మేలో అమెరికన్ రేడియో రిలే లీగ్‌ను స్థాపించాడు. 1915 డిసెంబరులో వీరి పత్రిక క్యూఎస్‌టి ప్రారంభమైంది. ఆ పత్రికలో ముసలాయన అనే అర్థం వచ్చే మారుపేరుతో అమెచ్యూర్ల అలవాట్లను ఎగతాళి చేస్తూ వ్యాసాలు వ్రాసింది పెర్సీయే. బ్రతికి ఉన్నంతకాలం ఈ గుట్టు బయటపడకుండా జాగ్రత్తపడ్డాడు.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రవేశించగానే అమెచ్యూర్ల రేడియో కేంద్రాలన్నిటినీ మూసివేశారు. యుద్ధం ముగిసిన తరువాత రేడియోను నౌకాదళానికి అప్పగించే బిల్లు చట్టసభ ముందుకు వచ్చింది. అది ఆమోదం పొందితే అమెచ్యూర్ రేడియో అక్కడితో అంతరించేది. పెర్సీ స్వయంగా సభా సంఘం ముందు హాజరై వాదించాడు. సభ్యులు తమ ప్రతినిధులకు వేలసంఖ్యలో ఉత్తరాలు వ్రాశారు. బిల్లు వీగిపోయింది, 1919లో నిషేధం తొలగింది. సైలెన్సర్ విషయంలో ప్రభుత్వంతో పోరాడని మనిషి రేడియో విషయంలో పోరాడి గెలవడం ఇక్కడ గమనించదగినది. తుపాకీ పరికరం ఆయనకు వ్యాపారం, రేడియో ప్రాణం.

1925లో పారిస్‌లో అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సమాఖ్య ఏర్పడినపుడు పెర్సీ దానికి అధ్యక్షునిగా ఎన్నికై మరణించేవరకు ఆ పదవిలో కొనసాగాడు. హైదరాబాదులో 1983లో ప్రారంభమైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ కూడా ఇదే సంప్రదాయానికి చెందినది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినపుడు అండమాన్ దీవులలో ఉన్న ఆ సంస్థ సభ్యులు తమ రేడియోలతో దీవుల సమాచారాన్ని బయటి ప్రపంచానికి అందించారు.

రచనలు, ఇతర అభిరుచులు

సొంతంగా సినిమాలు తీసుకునే ఔత్సాహికుల కోసం 1926లో అమెచ్యూర్ సినిమా లీగ్‌ను స్థాపించి దానికి అధ్యక్షునిగా ఉన్నాడు. ఖగోళ శాస్త్రంపై ఆసక్తితో విశ్వంలో జీవానికి గల స్థానం గురించి 1933లో ఒక పుస్తకం ప్రచురించాడు. తండ్రితో గడిపిన బాల్యం గురించి వ్రాసిన ఎ జీనియస్ ఇన్ ద ఫ్యామిలీ 1936లో వెలువడింది. తమను విడిచి వెళ్ళిన తండ్రి మీద నిష్ఠూరం ఇందులో ఎక్కడా కనబడదు. చిన్న పిల్లవాని కళ్ళతో చూసినట్లుగా, నవ్వు తెప్పించే సంఘటనలతో సాగే ఈ పుస్తకం ఆధారంగా 1946లో హాలీవుడ్‌లో సో గోస్ మై లవ్ అనే చిత్రం వచ్చింది. ఇందులో మిర్నా లాయ్, డాన్ అమీచీ నటించారు. తొలినాటి మోటారు బండ్ల అనుభవాలను తెలిపే హార్స్‌లెస్ క్యారేజ్ డేస్ ఆయన మరణానంతరం 1937లో ప్రచురింపబడింది.

మరణం

1936 ఫిబ్రవరిలో పెర్సీ భార్యతో కలసి కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలను దర్శించడానికి రైలులో బయలుదేరాడు. దారిలో గొంతు వ్యాధి తీవ్రం కావడంతో కొలరాడో రాష్ట్రంలోని లా హుంటా పట్టణంలో దింపి ఆసుపత్రిలో చేర్చారు. ఫిబ్రవరి 17న అక్కడే మరణించాడు. మేరీలాండ్‌లోని హేగర్స్‌టౌన్‌లో, భార్య కుటుంబీకులకు చెందిన సమాధి స్థలంలో ఆయనను ఖననం చేశారు. ఆయన వాడిన డబ్ల్యూ1ఏడబ్ల్యూ అనే రేడియో పిలుపు సంకేతాన్ని ఆయన స్మృత్యర్థం రేడియో రిలే లీగ్ ప్రధాన కేంద్రానికి కేటాయించారు.